వన్నె మాసిన కడలి: మహానౌకల రంగు స్లైడుల పునరుద్ధరణము - ఒక విమర్శ

జీర్ణోద్ధారణము నూతన నిర్మాణముకంటె కష్టమైనది. క్రొత్త గుడి కట్టువాడు తన మనస్సులోని రూపమునకు మాత్రమే బాధ్యుడు. పాత గుడిని బాగుచేయువాడు గతించిన శిల్పి మనస్సునకు బాధ్యుడు. తాళపత్ర గ్రంథమును పరిష్కరించు పండితునకును ఈ బాధ్యతయే కలదు. కంప్యూటరు ఇంటింటికి వచ్చిన తరువాత ఈ బాధ్యత మఱియొక రంగమునకు వ్యాపించినది. పాత రంగు స్లైడులను స్కానరుపై నుంచి, వాని మరకలు తుడిచి, మాసిన వన్నెలను మరల నిలుపుట నేడు కొందఱికి వృత్తి, అనేకులకు వ్యసనము. అట్లు బాగుచేయబడుచున్న చిత్రములలో మిక్కిలి ఆదరము పొందినవి ప్రయాణికుల మహానౌకల చిత్రములు. అందును కల్లోలసముద్రమున ఎగసిపడు ఓడల చిత్రములనిన చూపఱులకు ప్రీతి మెండు. ఈ పునరుద్ధరణములోని గుణదోషములను విచారించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

ముందుగా ఈ చిత్రముల పుట్టుపూర్వోత్తరములు తెలియవలెను. 'క్వీన్ మేరీ' యను బ్రిటిషు మహానౌక 1936 మే 27వ తేదీన సౌతాంప్టను రేవునుండి న్యూయార్కునకు తొలి ప్రయాణమునకై బయలుదేరెను. ఆ సంవత్సరమే కొడాక్ సంస్థవారు 'కొడాక్రోము' ఫిల్మును చిన్న కెమెరాలకు సరిపోవు 35 మిల్లీమీటర్ల కొలతలో అమ్మకమునకు తెచ్చిరి. దానిని కనిపెట్టిన లియొపోల్డ్ మాన్నెస్, లియొపోల్డ్ గొడావ్‌స్కీ అను నిరువురును సంగీత విద్వాంసులగుట విశేషము. ఓడయు ఫిల్మును ఒక్క యేట లోకమునకు వచ్చినవి. వాని వైభవకాలమును ఇంచుమించు ఒక్కటియే. 1958 అక్టోబరులో జెట్ విమానములు అట్లాంటిక్ మీదుగా ప్రయాణికులను చేరవేయ నారంభించినవి. 1967లో క్వీన్ మేరీ సేవను చాలించి కాలిఫోర్నియాలోని లాంగ్ బీచి రేవు చేరి, హోటలుగను ప్రదర్శనశాలగను మారినది. కొడాక్రోము తయారీ 2009లో నిలిచిపోయినది. దానిని కడిగి యిచ్చుచుండిన చివరి ప్రయోగశాల 2010 డిసెంబరు చివర క్రొత్త చుట్టలను స్వీకరించుట మానినది. కావున ఈ స్లైడులు గతించిన రెండింటికి, ఓడల యుగమునకును ఫిల్ముల యుగమునకును, ఏకకాలమున సాక్ష్యములు. సాక్షి నోట మాట మార్చుట ఎంత దోషమో, స్లైడులోని వన్నె మార్చుటయు అంత దోషమే.

ఉత్తర అట్లాంటిక్ సముద్రము శీతకాలమున మెత్తనిది కాదు. ఇటలీ దేశపు 'మైకెలాంజెలో' నౌక జెనోవానుండి న్యూయార్కునకు పోవుచుండగా, 1966 ఏప్రిల్ 12వ తేదీన ఒక్క మహాతరంగము దాని ముందుభాగమును చితుకగొట్టి ముగ్గురి ప్రాణములు గొన్నది. అట్టి కడలిని డెక్కుపై నిలిచి ఫోటో తీయుటకు గుండె నిబ్బరము కావలెను. చాలినంత వెలుతురును కావలెను. తుఫానునాడు వెలుతురు కొఱత. తొలినాటి కొడాక్రోము వేగము చాల స్వల్పము. 1961లో వచ్చిన రెండవ తరము కొడాక్రోమునకు సైతము వేగము 25 మాత్రమే. 1959లో వచ్చిన హైస్పీడ్ ఎక్టాక్రోమునకో, వేగము 160. మబ్బు క్రమ్మిన వేళ, ఊగుచున్న ఓడమీద నిలిచినవానికి ఈ రెండవదే అనుకూలము. అయితే చీకటి పెట్టెలో దశాబ్దములు వన్నె చెడక నిలుచుటలో 1938 తరువాతి కొడాక్రోము గట్టిది; నాటి ఎక్టాక్రోము బలహీనము. ఇట్లు తుఫానును పట్టగలిగిన ఫిల్మే తుఫానును దాచుకొనలేకపోయినది. పునరుద్ధారకుని చేతికి వచ్చు కల్లోలసముద్రపు స్లైడులలో ఎఱ్ఱబారినవి అంత విరివిగా నుండుటకు ఇది యొక కారణము.

ఈ ఎఱ్ఱదనమునకు మూలము రసాయన శాస్త్రములో నున్నది. రంగు స్లైడునందు పసుపు, మెజెంటా యను గులాబి వన్నె, సయాను అను నీలిపచ్చ వన్నె మూడు పొరలుగా నుండును. చిత్రములోని సకల వర్ణములును ఈ మూడింటి పాళ్లచేత నేర్పడినవే. నాటి ఎక్టాక్రోమునందు తరచు ముందుగా క్షీణించునది సయాను. అది తగ్గిన కొలది తక్కిన రెండును పైకి వచ్చి చిత్రమంతయు ఎఱ్ఱబారును.

ఇక ఈ నష్టము చిత్రములో ఎచ్చట ఎట్లు పడునో గమనింపవలెను. క్యునార్డ్ సంస్థవారి ఓడలకు పొగగొట్టములు ఎఱుపు, వాని కొనలు నలుపు. ఓడ ప్రక్కలు నలుపు, పై అంతస్తులు తెలుపు. ఎఱుపనగా పసుపు మెజెంటాల కలయిక. అందు సయాను పాలు అత్యల్పము. కావున సయాను నశించినను పొగగొట్టము ఎఱ్ఱగానే నిలుచును. కడలి నీలిమయు, కెరటము విఱుగునపుడు కానవచ్చు గాజుపచ్చదనమును సయాను లేనిదే లేవు. తుఫానునాటి బూడిదవన్నెకు మూడు రంగులును సరిపాళ్లలో కావలెను. ఒక్కటి తగ్గినను ఆ వన్నె చెడును. అందుచేత స్లైడు ముసలిదైన కొలది ఓడ మిగులును, సముద్రము మాయును. నురుగు మాత్రము స్లైడులో దాదాపు రంగులేని తావు. పోవుటకు అచ్చట ఏమియు లేదు గావున దాని ఆకారము నిలిచి, కాలక్రమమున పసుపు మరక మాత్రము పట్టును.

ఓడను మిగిల్చి సముద్రమును పోగొట్టుట కాలము చేసిన పని. దానిని సరిదిద్దుటకు పూనుకొన్నవాడు పునరుద్ధారకుడు. అతడు పెక్కుమార్లు తెలియక కాలమునకే తోడగుచున్నాడనుట ఈ వ్యాసములోని ప్రధానాభిప్రాయము.

అదెట్లనగా: రంగు సరిచేయుటకు చిత్రములో తెలిసిన వస్తువు ఒకటి ఆధారముగా కావలెను. సముద్రమునకు నిలుకడయైన రంగు లేదు. ఆకాశమును బట్టి, లోతును బట్టి, గాలిని బట్టి మాఱుచుండును. ఓడకో, తెలిసిన రంగులున్నవి. కావున పునరుద్ధారకుడు ఓడ తెలుపును తెలుపు చేయును, నలుపును నలుపు చేయును. వన్నె తఱుగుట ఆయా తావుల రంగు చిక్కదనమును బట్టి యుండునుగాన, నేర్పరియైనవాడు వెలుగు తావులను ఒకరీతిగను నీడ తావులను వేఱొకరీతిగను దిద్దును. ఇంతవఱకు చేసిన పని మెచ్చదగినది. ఈ దిద్దుబాటుచేత, ఇటుకపొడి చల్లినట్లున్న స్లైడులో మరల కడలి కానవచ్చును. ఈ నేర్పును చులుకన చేయుట విమర్శకునకు తగదు.

చిక్కు దాని తరువాతి మెట్టున నున్నది. తుఫానునాడు తెలుపు రంగు తెల్లగా నుండదు. పగటి వెలుతురునకై చేసిన ఫిల్ము ఇంచుమించు 5500 కెల్విను కాంతికి సరిపడునట్లు కూర్పబడినది. మబ్బు చాటున వచ్చు కాంతి అంతకంటె నీలముగా నుండును. కావున ఫోటో తీసిననాడే, ఏ నష్టమును లేని స్లైడులోనే, ఓడ తెలుపు కొంచెము నీలివన్నె దాల్చియుండును. పునరుద్ధారకుడు దానినిగూడ కాలదోషమేయని యెంచి శుద్ధమైన తెలుపుగా దిద్దినచో, మరకతోపాటు మబ్బును తుడిచివేసినవాడగును. ఆపై వన్నెలు చాలలేదని రంగుల చిక్కదనమును పెంచును. అపుడు జనవరి నాటి అట్లాంటిక్ సముద్రము పెండ్లినాటి పట్టుచీరవలె మెఱయును. కెరటములు కొండలంతగా లేచుచుండును, వాని రంగు మాత్రము ఎండకాచిన నడివేసవి రంగుగా నుండును. ఆకారమునకును వన్నెకును పొత్తు కుదరని యీ చిత్రమును చూచినవాడు తుఫానును చూడలేదు. ఓడకు కట్టిన నీలితెరను చూచినాడు.

ఓడ రంగే నమ్మదగిన సాక్షి యగునా యనునది మఱియొక ప్రశ్న. క్వీన్ మేరీ నేటికిని లాంగ్ బీచిలో నున్నదిగదా, దాని పొగగొట్టపు ఎఱుపును చూచి స్లైడును దిద్దవచ్చునని తోచును. కాని నేడు అచ్చట నున్నవి మొదటి పొగగొట్టములు కావు. ఓడను ప్రదర్శనశాలగా మార్చునపుడు యంత్రములను వెలికి తీయుటకై వానిని ఊడదీసిరి. అవి తుప్పుతో శిథిలమై యుండుటచే వాని స్థానమున నకళ్లు నిలిపిరి. నకలుకు వేసిన రంగును చూచి అసలు చిత్రమును దిద్దుట, అచ్చుపుస్తకమును చూచి తాళపత్రమును దిద్దుటవంటిది. అంతేగాక, ఉప్పునీటను పొగలోను నలిగిన రంగు ఆ ప్రయాణము చివరకు ఎట్లుండెనో ఆ స్లైడే చెప్పవలెను. డబ్బాలోని రంగు వేఱు, నడిసముద్రమునందలి రంగు వేఱు.

వన్నెల విషయ మిట్లుండగా, మరకల విషయమున మఱింత జాగ్రత్త యవసరము. స్లైడుపై దుమ్ము, గీతలు, బూజు పేరుకొనుట సహజము. వీనిని తొలగించుటకు రెండు మార్గములున్నవి. ఒకటి, స్కానరు పరారుణ కాంతిని ప్రసరింపజేయుట. ఫిల్ములోని రంగులు ఆ కాంతిని అడ్డగింపవు, దుమ్ము అడ్డగించును. కావున దుమ్మేదో చిత్రమేదో యంత్రమునకు తెలియును. ఎక్టాక్రోము విషయమున ఇది చక్కగా పనిచేయును. కొడాక్రోము విషయమున మాత్రము చిత్రములోని చీకటి తావులనే దుమ్మని భ్రమించును. రెండవది, పరారుణ సాయము లేకయే, చిన్నవిగా కనబడు చుక్కలన్నిటిని యంత్రముచేత వెదకించి తుడిపించుట. ప్రశాంతమైన రేవులోని ఓడ చిత్రమునకు దీనివలన హాని తక్కువ. తుఫాను చిత్రమునకో, ఇది ప్రాణాంతకము. ఓడ ముక్కు కెరటమున గ్రుచ్చుకొని పైకి లేచునపుడు గాలిలో చెదరిన తుంపరలన్నియు చిన్న తెల్లని చుక్కలే. యంత్రమునకు తుంపరకును ధూళికిని భేదము లేదు. దాని చేతిలో తుంపర నశించి, కెరటపు అంచు కత్తితో కోసినట్లు నున్నబడును. గాలియొక్క జాడ తుంపరయే. అది పోగా మిగిలినది గాలిలేని తుఫాను.

మూడవ దోషము దిఙ్మండలపు రేఖను చక్కజేయుట. ఒరిగిన దిఙ్మండలము ఫోటో తీసినవాని పొరపాటని యెంచి దానిని సమముగా త్రిప్పుట నేడు మొట్టమొదట చేయు పనియైనది. ఒడ్డున నిలిచి తీసిన చిత్రమునకు అది తగును. ఓడమీద నిలిచి తీసినదానికి తగునా? అచ్చట ఒరిగినది ఓడ. కెమెరా డెక్కుతోపాటు ఒరిగినచో డెక్కు సమముగను సముద్రము వాలుగను కానవచ్చును. డెక్కు అంచునందలి కమ్మీయు దిఙ్మండలమును ఒక్క చిత్రమున కనబడినచో, వాని నడుమ గల కోణము ఆ క్షణమున ఓడ ఎంత ఒరిగెనో సుమారుగా చెప్పగలదు. కావున చిత్రమును త్రిప్పినను ఆ కోణము చెడదు. కాని త్రిప్పిన పిమ్మట ఏర్పడిన వాలు మూలలను కత్తిరించుటతో కమ్మీ తఱచు చిత్రమునుండి తొలగిపోవును. దానితో సాక్ష్యమును పోవును. క్వీన్ మేరీ ఒరుగుడునకు పేరుపడ్డ ఓడ. ఆ ఒరుగుడును తగ్గించు రెక్కలు దానికి 1958లో గాని అమర్చబడలేదు. అందుచేత ఒరిగిన చిత్రము ఏనాటిదను ప్రశ్నకు విలువ కలదు. అనేక స్లైడుల అట్టచట్రములపై నెలయు సంవత్సరమును ముద్రింపబడియుండును. అది ఫోటో తీసిన తేదీ కాదు, ఫిల్మును కడిగిన తేదీ. అయినను ఈ చిత్రము ఇంతకుముందే తీయబడినదని రూఢిగా చెప్పును. చట్రమును చించి పాఱవేసి ఫిల్మును మాత్రము దాచువాడు గ్రంథమును ఉంచుకొని గద్యను చించినవానివంటివాడు.

ఇటీవల వచ్చిన కృత్రిమ మేధ యీ దోషములకు మకుటము పెట్టినది. మసకబారిన కెరటమును అది పదును చేయునని చెప్పుదురు. నిజమునకు అది ఆ కెరటమును చూడలేదు. తాను నేర్చిన లక్షల చిత్రములలోని కెరటములను బట్టి, ఇట్లుండవచ్చునని ఊహించి గీయును. ఊహ అందముగనే యుండును. తెలుగు పాఠకులకు దీని పేరు తెలియనిది కాదు: ఇది ప్రక్షిప్తము. కవి హృదయము నెఱిగితినను ధైర్యముతో లేఖకుడు చేర్చిన పద్యము ఎంత ధారాశుద్ధి కలదైనను కవి పద్యము కాదు. ఎన్నడును విఱుగని కెరటమును విఱిచి చూపుటయు అట్టిదే.

ఈ సమస్యకు పరిష్కారము ఇతర రంగములవారు చాలకాలము క్రిందటనే చెప్పియున్నారు. రోమునగరమున 1939లో స్థాపింపబడిన పునరుద్ధరణ సంస్థకు తొలి అధ్యక్షుడైన చేజరే బ్రాందీ 1963లో ప్రకటించిన తన సిద్ధాంత గ్రంథమున, లుప్తమైన భాగమును పూరించినపుడు దూరమునుండి చూచువానికి చిత్రము ఏకముగా తోచవలెననియు, దగ్గఱకు వచ్చి చూచువానికి పూరణమేదో స్పష్టముగా తెలియవలెననియు ప్రతిపాదించెను. మన దేశమున పుణె నగరమందలి భాండార్కరు ప్రాచ్యపరిశోధన సంస్థవారు 1966లో ముగించిన మహాభారత సంశోధిత పాఠమునందు, నిశ్చయము చాలని పాఠముల క్రింద అలవంటి వంకరగీత నుంచిరి. సందేహమును దాచుట పాండిత్యము కాదనియు, దానిని గుర్తించి పాఠకునకు చూపుటయే పాండిత్యమనియు ఆ గీత చాటుచున్నది. తెలుగు ప్రబంధముల పరిష్కర్తలు గ్రంథపాతమైన తావున చుక్కలుంచి విడుచుటయు ఇట్టి వినయమే. స్లైడులను బాగుచేయువారికి ఈ వంకరగీత ఇంకను అలవడలేదు. బాగుచేసిన చిత్రము ప్రక్కన బాగుచేయని చిత్రము నుంచువారు అరుదు. ఏమి దిద్దితిమో నాలుగు మాటలు వ్రాయువారు మఱింత అరుదు.

దీనికి ప్రతివాదము లేకపోలేదు. చిత్రము చూచి ఆనందించుటకే గదా, ఎఱ్ఱని మురికిని చూచి ఎవ్వరు సంతోషింతురు, పెద్దల జ్ఞాపకము పిల్లల కండ్లకు ఇంపుగా నుండవలదా యని యందురు. ఈ మాటలో కొంత న్యాయమున్నది. పునరుద్ధరణమే వలదనుట గుడిని కూలనిమ్మనుటయే. కాని జ్ఞాపకము ఇంపుగా నుండుట వేఱు, నిజముగా నుండుట వేఱు. తుఫానులో అట్లాంటిక్ దాటిన ప్రయాణికుడు కెమెరా నెత్తినది నీలిరంగు చూపుటకు కాదు. తాను భయపడిన సంగతిని భద్రపఱచుటకు. ఆ భయము బూడిదవన్నెలో నున్నది, తుంపరలో నున్నది, ఒరిగిన రేఖలో నున్నది. ఈ మూడింటిని తీసివేసి ఇచ్చిన చిత్రము అతని మనుమలకు చేరినను అతని మాట చేరదు.

ఈ విచారము తెలుగువారికి పరాయిది కాదు. యానామునకు చేరువనున్న కోరంగి రేవు పేరే బర్మాలోని తెలుగువారి కందఱికిని 'కోరంగీలు' అను వ్యవహారనామమై నిలిచినది. గంజాము, విశాఖపట్టణము, గోదావరి ప్రాంతములనుండి వేలకొలది జనము ఓడ డెక్కులపై కూర్చుండి రంగూను చేరిరి. 1926లో నిర్మింపబడిన 'రజూలా' యను ఓడ 1973 వఱకు మద్రాసునుండి మలయాకు ప్రయాణికులను చేరవేసినది. బంగాళాఖాతపు తుఫానులు అట్లాంటిక్ తుఫానులకు తీసిపోవు. అయినను రంగు స్లైడులలో మిగిలినది ఎక్కువగా అట్లాంటిక్ సముద్రమే. కెమెరా పై తరగతివాని చేతిలో నుండెను. డెక్కుపై తడిసినవాని చేతిలో మూట యుండెను. కావున బంగాళాఖాతపు కల్లోలమును చూపు రంగు స్లైడు ఏ యింటి పెట్టెలోనైన ఒక్కటి యున్నచో దాని విలువ అట్లాంటిక్ చిత్రములు నూఱింటికంటె అధికము. దానికి జతగా పోల్చిచూచుటకు రెండవ ప్రతి దొరకదు. ఏకైక తాళపత్రమును పరిష్కరించునపుడు పండితుడు ఎంత భయముతో గంటము పట్టునో అంత భయముతో దానిని ముట్టవలెను.

కావున ఇట్టి స్లైడులు గలవారు పాటింపదగిన నియమములు కొన్ని చెప్పి ముగించుట యుక్తము. స్లైడును చల్లని, తేమలేని చోట దాచవలెను. వేడిమియు తేమయు వన్నెను త్వరగా హరించును. కొడాక్రోము చీకటిలో గట్టిదేగాని ప్రొజెక్టరు వెలుతురునకు త్వరగా వన్నె తగ్గును. దానిని పదేపదే తెరపై వేయరాదు. స్కాను చేసిన మొదటి ప్రతిని ఏ దిద్దుబాటును లేక వేఱుగా భద్రపఱచవలెను. చట్రమును, దానిపై వ్రాతను, తేదీ ముద్రనుగూడ ఫోటో తీసి దానితో జతపఱుపవలెను. రంగును దిద్దునపుడు ఓడను మాత్రము కాక ఆకాశమును గూడ సాక్షిగా పిలువవలెను. దుమ్మును చేతితో, ఒక్కొక్క చుక్కను పరికించి తీయవలెను. తుంపర యనిన సందేహమున్నచో విడువవలెను. దిఙ్మండలమును త్రిప్పకమునుపు కమ్మీని చూడవలెను. చేసిన ప్రతి మార్పును వ్రాసి యుంచవలెను.

పునరుద్ధారకుని నేర్పు ఎంత దిద్దెనను దానిలో లేదు, ఎచ్చట చేయి నిలిపెనను దానిలో నున్నది. ఎఱ్ఱదనము తొలగిన పిమ్మట చిత్రములో కొంత మసక మిగిలినను దోషము లేదు. ఆ మసకలో కొంత కాలముది, కొంత మబ్బుది. ఏది ఎవరిదో తెలియనంతవఱకు రెండింటిని ఉండనిచ్చుటయే కడలికి చేయు న్యాయము.